పగడపు దీవులును చార్లెస్ డార్వినును

జీవుల పరిణామమునుగూర్చి డార్విన్ చేసిన వాదమును విననివారు అరుదు. దాని నిచట ప్రస్తావింపము. ఆతడు యౌవనమున పగడపు దీవుల విషయమై చేసిన పనిని మాత్రమే చెప్పదలచితిమి. మన పశ్చిమ సముద్రమందలి లక్షదీవులును ఆ జాతివే.

డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున నొక వైద్యుని కుమారుడై జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య ఆతనికి రుచింపలేదు. పిమ్మట మతాచార్యు డగుటకై కేంబ్రిడ్జి కేగెను గాని, అక్కడ పురుగులను సేకరించుటయందే మనసు నిలిపెను. బీగిల్ అను ఓడలో పోవుటకు పిలుపు రాగా తండ్రి మొదట సమ్మతింపలేదు. మేనమామ నచ్చజెప్పిన మీదట సెలవొసగెను. 1831 డిసెంబరు 27న ఓడ బయలుదేరెను.

నడిసముద్రమున ఉంగరమువలె నుండు పగడపు దీవులు, మునిగిపోయిన అగ్నిపర్వతముల నోటి అంచులపై లేచినవని ఆ కాలపు పండితులు తలచుచుండిరి. 1835 ఫిబ్రవరిలో చిలీ దేశమున భూకంపము వచ్చి తీరము కొన్ని యడుగులు పైకి లేచుట డార్విన్ కనుగొనెను. ఒకచోట నేల లేచుచుండగా వేఱొకచోట క్రుంగుచుండవలదా? దిబ్బలు కట్టు పగడములు లోతులేని నీటిలోనే బ్రదుకును. కొండగల దీవి మెల్లగా క్రుంగుచుండ, చుట్టునున్న పగడములు పైపైకి పెరుగును. తుదకు కొండ మునిగి వలయము మాత్రము మిగులును. వింత యేమనగా, నిజమైన పగడపు దిబ్బను కన్నులార చూడకమునుపే ఆతని కీ యూహ తట్టినది.

1836 ఏప్రిల్ 1న బీగిల్ హిందూమహాసముద్రమందలి కీలింగు దీవులను చేరెను. ఓడ నాయకుడగు ఫిట్జ్‌రాయ్ సీసపుగుండు అడుగున కొవ్వు పూయించి నీటిలోనికి దింపించెను. పది బారల లోతువఱకు కొవ్వుమీద సజీవములగు పగడముల అచ్చులు పడెను. లోతు హెచ్చినకొలది ఇసుక యంటుకొని వచ్చెను. ఒడ్డునకు 2,200 గజముల దూరమున 7,200 అడుగుల త్రాడు విడిచినను అడుగు అందలేదు.

మఱియొకటియు ఆతడు చూచెను. మడుగువైపు తీరమున కొబ్బరిచెట్లు వ్రేళ్లు బయలుపడి కూలుచుండెను. ఏడేండ్ల క్రిందట పోటునీటికి కొంచెము ఎగువనుండిన పాక గుంజలను, ఇప్పుడు దినదినము పోటు తడుపుచున్నదని దీవివారు చెప్పిరి. నేల క్రుంగుచున్నదనుటకు ఇది తార్కాణముగా ఆతనికి కనబడెను. అచట కాపురముండిన క్లూనీస్ రాస్ దొర డార్విను సిద్ధాంతమును ఖండించుచు వ్రాసెను. గుంజల మట్టుకు డార్విన్ పొరబడెనని మాకు తోచుచున్నది. సముద్రపు అడుగు క్రుంగుట యేటికి ఒక మిల్లీమీటరైనను ఉండదు. ఇసుక యొడ్డన్ననో, గాలి తిరిగినప్పుడెల్ల ఒకవైపు కోసికొనిపోయి వేఱొకవైపు మేటవేయును.

పెద్ద విషయమున మాత్రము ఆతడే గెలిచెను. 1842లో ఆతని గ్రంథము వెలువడెను. దీనిని పరీక్షించుటకై ఏ ధనికుడైన దీవిలో లోతుగా బెజ్జము వేయించిన బాగుండునని వార్ధక్యమున కోరుకొనెను. 1882 ఏప్రిల్ 19న మరణించెను. 1896 మొదలు 1898 వఱకు ఫునాఫుటి దీవిలో 1,100 అడుగులకు పైగా త్రవ్వినను పగడపు సున్నమే వచ్చెను. 1952లో ఎనివెటాక్ దీవిలో 4,000 అడుగులు దాటిన పిమ్మట అగ్నిపర్వతపు నల్లరాయి తగిలెను.

ఆ గుంజల కథ యింకను ముగియలేదు. పగడమును అలలు విరుగగొట్టుటవలనను, చేపలు కొఱికి నమలుటవలనను ఈ దీవుల కిసుక చేకూరును. అలల బలమును విఱుచు గోడయు ఆ దిబ్బయే. 1998లో సముద్రము వేడెక్కి పగడములు తెల్లబడి, లక్షదీవులయందును విస్తారముగా చచ్చెను. అచటనే బంగారము వలయమందలి పరళి యను చిన్న దీవి యొకటి, 1968లో పటముపై నుండినది, కోతకు గురియై పూర్తిగా పోయినదని 2017లో పరిశోధకులు తెలిపిరి. సముద్రమట్టమును పెరుగుచున్నది. పగడపురాయి త్రవ్వకుండుట, ఒడ్డునందలి పొదలను నరకకుండుట, దిబ్బను చావనీయకుండుట, ఇవియే ఆ యిసుకకు కాపుదల. కీలింగు దీవులలో ఉత్తరపుదానిని ఆస్ట్రేలియా ప్రభుత్వము 1995లో జాతీయవనముగా నేర్పరచెను. అచట నిపుడు మనుష్యులు కాపురముండరు. ఎఱ్ఱకాళ్ల సముద్రపక్షులు వేలకొలది చెట్లపై గూళ్లు కట్టుకొనుచున్నవి.