ఆరేళ్లకు లాటిన్, యాభై ఒకటికి ఇటాలియన్: డొరోతీ సేయర్స్ చదువు కథ



ఆక్స్‌ఫర్డ్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది యూనివర్సిటీ. డిటెక్టివ్ నవలలు ఇష్టపడే వాళ్లకు మాత్రం నేరాలు కూడా గుర్తొస్తాయి. ఆ ఊరి కాలేజీల మధ్య ఇన్‌స్పెక్టర్ మోర్స్ అనే పోలీసు అధికారిని తిప్పుతూ కాలిన్ డెక్స్‌టర్ 1975 నుంచి 1999 వరకు 13 నవలలు రాశారు. అవి టీవీలోకి వచ్చి ఎన్నో దేశాల్లో పేరు తెచ్చుకున్నాయి. అంతకు 40 ఏళ్ల ముందే, 1935లో, అదే ఊళ్లోని ఒక ఆడపిల్లల కాలేజీలో జరిగే డిటెక్టివ్ నవల వచ్చింది. దాని పేరు 'గాడీ నైట్'. విచిత్రమేమిటంటే అందులో ఒక్క హత్య కూడా జరగదు. ఎవరో కాలేజీలో ఆకాశరామన్న ఉత్తరాలు పడేస్తుంటారు, పుస్తకాలు పాడుచేస్తుంటారు. చదువుకున్న ఆడవాళ్లంటే ఎవరికో పట్టరాని కోపం.

ఆ నవల రాసిన ఆమె డొరోతీ ఎల్. సేయర్స్. ఈ నెల మీకు పరిచయం చేస్తున్నది ఆమె జీవితాన్ని. పిల్లల చదువు గురించి రోజూ ఆలోచించే మీకు ఈ కథలో పనికొచ్చేది చాలా ఉంది. కొంచెం మనసును కలవరపెట్టేది కూడా ఉంది.

ఇంట్లో మొదలైన బడి

డొరోతీ 1893 జూన్ 13న ఆక్స్‌ఫర్డ్‌లోనే పుట్టింది. తండ్రి హెన్రీ సేయర్స్ చర్చి పురోహితుడు. క్రైస్ట్ చర్చ్ కాలేజీకి అనుబంధంగా, ప్రార్థన గీతాలు పాడే పిల్లల కోసం నడిచే బడికి ప్రధానోపాధ్యాయుడు కూడా. డొరోతీకి నాలుగైదేళ్ల వయసులో ఆయనకు బ్లంటిషమ్ అనే పల్లెటూరి చర్చికి మార్పు వచ్చింది. చుట్టూ చిత్తడి నేలలు, కాలువలు. దగ్గర్లో ఆడుకోవడానికి తోటి పిల్లలు పెద్దగా లేరు. ఆమెకు తోబుట్టువులూ లేరు.

ఆ ఒంటరి ఇంట్లోనే ఆమె చదువు మొదలైంది. ఏడేళ్లు నిండకముందే తండ్రి ఆమెను కూర్చోబెట్టి లాటిన్ నేర్పడం మొదలుపెట్టారు. ఫ్రెంచ్, జర్మన్ భాషలు ఇంటికి వచ్చి చెప్పే టీచర్ల దగ్గర నేర్చుకుంది. ఏ ర్యాంకు కోసమో, ఏ ఎంట్రన్సు కోసమో ఈ పాఠాలు మొదలుకాలేదు. తండ్రికి ఆ భాష ఇష్టం, దాన్ని కూతురికి ఇచ్చారు, అంతే. ఆమె 'త్రీ మస్కిటీర్స్' నవల చదివి మురిసిపోతే ఇంట్లో వాళ్లందరూ ఆ పాత్రల వేషాలు కట్టారు. డొరోతీ అథోస్ అయింది. పెద్దవాళ్లు పిల్ల చదువులోకి దిగివచ్చి ఆడుకున్న ఇల్లు అది.

15 ఏళ్ల వయసులో, 1909లో, ఆమెను సాల్స్‌బరీ పట్టణంలోని గాడాల్ఫిన్ స్కూల్ హాస్టల్లో చేర్చారు. ఇంట్లో మహారాణిలా పెరిగిన పిల్లకు అక్కడ ఇమడడం కష్టమైంది. 1911లో తట్టు సోకి, అది న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి వచ్చింది. కోలుకునేసరికి జుట్టు రాలిపోయింది. టీనేజీ పిల్ల విగ్గు పెట్టుకుని తోటి పిల్లల మధ్య తిరగాల్సి వచ్చింది. చివరికి స్కూలు వదిలి ఇంటికి వచ్చేసింది. అప్పటి ఆమె ప్రోగ్రెస్ రిపోర్టు మన చేతిలో పెడితే, ఈ పిల్ల ఎంత దూరం వెళ్తుందో మనలో ఎవరం చెప్పగలిగేవాళ్లం కాదేమో. కానీ ఇంట్లో చదువు ఆగలేదు. 1912లో స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. మన ఇందిరా గాంధీ 1930ల చివర్లో కొంతకాలం చదివింది ఈ కాలేజీలోనే.

చదువు ఉంది, పట్టా లేదు

సోమర్‌విల్‌లో డొరోతీ వికసించింది. తన స్నేహితురాళ్లతో కలిసి ఒక చిన్న సంఘం పెట్టింది. తాము రాసినవి ఒకరికొకరు చదివి వినిపించుకోవడం, నిర్మొహమాటంగా తప్పొప్పులు చెప్పుకోవడం వాళ్ల పని. ఎవరూ ఎలాగూ తమను మెచ్చుకునేవాళ్లమని అంటారని, సరదాగా దానికి పరస్పర ప్రశంసా సంఘం అని తామే పేరు పెట్టుకున్నారు. ఆ స్నేహాల్లో కొన్ని జీవితాంతం నిలిచాయి.

1915లో ఫ్రెంచ్ సాహిత్యం ముఖ్యాంశంగా ఫస్ట్ క్లాసులో పాసైంది. కానీ చేతికి పట్టా రాలేదు. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లలు పాఠాలు వినవచ్చు, మగపిల్లలు రాసిన పరీక్షలే రాయవచ్చు, ఫస్ట్ క్లాసూ తెచ్చుకోవచ్చు. డిగ్రీ మాత్రం ఇచ్చేవారు కాదు. ఐదేళ్ల తర్వాత ఆ నిబంధన మారింది. 1920 అక్టోబరు 14న మొట్టమొదటిసారి స్త్రీలకు పట్టాలు ఇచ్చిన సభలో డొరోతీ కూడా ఉంది. బీఏ, ఎంఏ రెండూ అదే రోజు అందుకుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ఆ పని చేయడానికి 1948 దాకా పట్టింది.

ఆ మధ్యలోని ఐదేళ్లు ఆమె కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. హల్ పట్టణంలో స్కూల్ టీచరుగా, ఆక్స్‌ఫర్డ్‌లో పుస్తక ప్రచురణ సంస్థలో, ఫ్రాన్సులో ఒక స్కూల్లో పనిచేసింది. ఆ తర్వాత లండన్ చేరింది. చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడిన ఆ రోజుల్లోనే లార్డ్ పీటర్ విమ్సీ అనే సంపన్న డిటెక్టివ్‌ను సృష్టించింది. 1922లో బెన్సన్స్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరింది. అక్కడ కోల్మన్స్ ఆవపొడి కోసం చేసిన 'మస్టర్డ్ క్లబ్' ప్రచారంలో ఆమె పాత్ర పెద్దది. పగలు ప్రకటనలు, మిగతా సమయంలో నవల. 1923లో మొదటి నవల 'హూజ్ బాడీ?' వచ్చింది. 1937 నాటికి విమ్సీ నవలలు 11 అయ్యాయి.

మీరు గమనించండి, ఆమె చదువు, బతుకు ఏదీ వృథా పోలేదు. అడ్వర్టైజింగ్ ఆఫీసు 'మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్' నవల అయింది. చిన్నప్పటి చిత్తడి నేలల పల్లె, చర్చి గంటలు 'ద నైన్ టైలర్స్' అయ్యాయి. సోమర్‌విల్ కాలేజీ 'గాడీ నైట్'లో ష్రూజ్‌బరీ అనే కల్పిత కాలేజీ అయింది. ఆ నవల చివర్లో విమ్సీ తాను ప్రేమించిన హారియట్ వేన్‌ను పెళ్లికి అడిగేది లాటిన్‌లో. ఆరేళ్ల వయసులో తండ్రి పెట్టిన పెట్టుబడి అక్కడ కూడా వడ్డీతో తిరిగొచ్చింది.

ఇంటికి చెప్పలేని సంగతి

ఇక కలవరపెట్టే భాగం. 1924 జనవరి 3న, పెళ్లి కాకుండానే, ఆమెకు ఒక కొడుకు పుట్టాడు. ఆ కాలపు ఇంగ్లండులో ఇది బయటపడితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. తండ్రి చూస్తే చర్చి పురోహితుడు. డొరోతీ ఆఫీసుకు జబ్బు అని చెప్పి సెలవు పెట్టింది. వరసకు అక్క అయ్యే ఐవీ అనాథల్లాంటి పిల్లలను తన ఇంట్లో ఉంచుకుని పెంచేది. ఆమెకు ఉత్తరం రాసి, ఒక పసివాణ్ని పెంచగలవా అని అడిగింది. ఆ మొదటి ఉత్తరంలో ఆ బిడ్డ ఎవరిదో చెప్పలేదు. ఐవీ ఒప్పుకున్నాకే చెప్పింది.

తల్లిదండ్రులకు మాత్రం ఎప్పటికీ చెప్పలేదు. తండ్రి 1928లో, తల్లి 1929లో కన్నుమూశారు. తమకొక మనవడు ఉన్నాడని తెలియకుండానే వెళ్లిపోయారు. 1926లో డొరోతీ మాక్ ఫ్లెమింగ్ అనే జర్నలిస్టును పెళ్లి చేసుకుంది. పిల్లవాడికి ఆ ఇంటి పేరు వచ్చింది కానీ అతను ఆ ఇంట్లో పెరగలేదు. ఖర్చులన్నీ ఆమె భరించింది, మంచి చదువు చెప్పించింది, ఆక్స్‌ఫర్డ్‌లోనే బేలియల్ కాలేజీలో చదివించింది. ఈ సంగతి లోకానికి తెలిసింది ఆమె పోయిన చాలా ఏళ్లకు.

ఇందులో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడం ఈ పేజీ పని కాదు. ప్రేమించే తల్లిదండ్రులే, తెలివైన కూతురే. అయినా ఒక మాట ఇంటికి చేరలేకపోయింది. కూతురికి మూడు భాషలు నేర్పించిన ఇంట్లో, ఆ మాట చెప్పడానికి ఏ భాషా సరిపోలేదు. మీ పిల్లలు మార్కుల గురించి, స్నేహితుల గురించి, భయాల గురించి మీతో ఎంతవరకు చెప్పగలుగుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

యాభై ఒకటో ఏట మళ్లీ విద్యార్థిని

1944 ఆగస్టులో ఇంగ్లండు మీద జర్మన్ ఎగిరే బాంబులు పడుతున్నాయి. ఒకరోజు సైరన్ మోగితే షెల్టరులోకి వెళ్తూ డొరోతీ చేతికందిన ఒక పుస్తకం పట్టుకెళ్లింది. అది డాంటే రాసిన 'డివైన్ కామెడీ'. 14వ శతాబ్దపు ఇటాలియన్ మహాకావ్యం. ఆమెకు అప్పుడు 51 ఏళ్లు, పెద్ద పేరున్న రచయిత్రి. పుస్తకం కింద పెట్టలేకపోయింది. లాటిన్, ఫ్రెంచ్ తెలుసు కాబట్టి వాటి ఆసరాతో ఆ పాత ఇటాలియన్‌ను సొంతంగా నేర్చుకుని, కావ్యాన్ని ఇంగ్లీషు పద్యాల్లోకి అనువదించడం మొదలుపెట్టింది. మొదటి భాగం 1949లో, రెండోది 1955లో వచ్చాయి. మూడో భాగంలో 33 సర్గలకు 20 పూర్తిచేసి, 1957 డిసెంబరు 17న విథమ్ పట్టణంలోని తన ఇంట్లో చనిపోయింది. మిగిలిన 13 సర్గలను ఆమె స్నేహితురాలు బార్బరా రేనాల్డ్స్ పూర్తిచేయగా 1962లో అది వెలువడింది.

ఈ మధ్యలోనే, 1947లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువు గురించి ఆమె ఒక ప్రసంగం చేసింది. పిల్లలకు సబ్జెక్టులు చాలా చెబుతున్నాం, కొత్త విషయాన్ని తమంతట తాము నేర్చుకునే పద్ధతి మాత్రం చెప్పడం లేదన్నది దాని సారాంశం. ఆమె లెక్కలో పిల్లలకు మూడు దశలుంటాయి. పదకొండేళ్ల లోపు వాళ్లకు వల్లెవేయడం హాయిగా ఉంటుంది. అప్పుడే ఎక్కాలు, పద్యాలు, పేర్లు, తేదీలు నోటికి పట్టించాలి. పన్నెండు, పదమూడు వచ్చేసరికి ప్రతిదానికీ ఎదురు చెబుతారు. ఆ వాదనకు తర్కం నేర్పాలి. ఆ తర్వాత తమ గురించి తాము చెప్పుకోవాలనిపిస్తుంది; అప్పుడు చక్కగా మాట్లాడడం, రాయడం నేర్పాలి. ఏడో తరగతి పిల్లాడు అన్నం దగ్గర మీతో వాదిస్తుంటే, వీడికి పొగరెక్కిందని అనుకునే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి. ఏ ఆధారంతో అలా అంటున్నావని ఒక్కసారి అడిగి చూడండి.

ఫస్ట్ క్లాసు, పట్టా, పేరు, డబ్బు అన్నీ డొరోతీకి వచ్చాయి. కొన్ని ఆలస్యంగా వచ్చాయి. షెల్టరులో ఆ రాత్రి ఆమెకు ఉపయోగపడింది మాత్రం వాటిలో ఏదీ కాదు. తెలియని భాషలో పేజీ తెరిచి భయపడకుండా ఉండగలగడం ఉపయోగపడింది. అది నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నది.

ఈ నెల రోజూ ఒక ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. పరీక్షలో రానిది, మీకు నిజంగా ఇష్టమైనది ఏదైనా మీ బిడ్డకు నేర్పండి. శతకంలో ఒక పద్యం కావచ్చు, చదరంగం కావచ్చు, మీ వృత్తిలోని ఒక మెళకువ కావచ్చు. ఫోను పక్క గదిలో ఉంచండి. నేర్పుతూ నేర్పుతూ మధ్యలో వాళ్లు ఇంకేదో చెప్పబోతే, పాఠం ఆపి అది వినండి.