ఏ ఊరి చట్టం ఆ ఊరిదే: ఇబ్న్ బతూతా పరదేశ జీవితం

పాస్‌పోర్టు, వీసా, లగేజీ తనిఖీ, ఎగ్జిట్ పర్మిట్... ఇవన్నీ ఈ కాలం తెచ్చిన తిప్పలని చాలామంది అనుకుంటారు. దాదాపు 700 ఏళ్ల కిందట మొరాకో నుంచి చైనా దాకా తిరిగిన ఇబ్న్ బతూతాకు ఇవన్నీ ఎదురయ్యాయి. ప్రపంచం ఆయనను గొప్ప యాత్రికుడిగా గుర్తుపెట్టుకుంది. వృత్తిరీత్యా మాత్రం ఆయన ఖాజీ. చట్టం చదువుకున్న ఆ మనిషి జీవితంలో సగభాగం పరాయి దేశాల చట్టాల కింద గడిచింది. కొన్నిచోట్ల తీర్పు చెప్పే ఆసనంలో కూర్చున్నారు. ఒకచోట కాపలా మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోజులు లెక్కపెట్టారు.

ఆయన పూర్తి పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ బతూతా. 1304లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టారు. తరతరాలుగా ఖాజీలుగా పనిచేసిన కుటుంబం వాళ్లది. ఆయన కూడా మాలికీ ఫిఖ్హ్ చదువుకున్నారు. 1325 జూన్‌లో, 21 ఏళ్ల వయసులో, హజ్ కోసం ఒంటరిగా ఇల్లు వదిలారు. మళ్లీ మొరాకో గడ్డ మీద అడుగుపెట్టడానికి 24 ఏళ్లు పట్టింది.

చేతి మీద ముద్ర, ఇసుక మీద అడుగులు

పరదేశంలో మొదటి పాఠం ఈజిప్టులో దొరికింది. అక్కడి దమియత్తా రేవుపట్నంలోకి ఎవరైనా రావచ్చు, కానీ గవర్నర్ ముద్ర లేకుండా బయటికి పోవడానికి వీల్లేదు. పెద్దమనుషులకైతే కాగితం ముక్క మీద ముద్ర వేసి ఇచ్చేవాళ్లు. మామూలు జనానికి ఆ ముద్ర చేతి మీదే వేసేవాళ్లు. ఊరి గేటు దగ్గర కాపలావాళ్లకు అది చూపిస్తేనే దారి.

ఈజిప్టు నుంచి సిరియా వెళ్లే ఎడారి దారిలో ఖత్యా అనే చోట ఇంకా గట్టి తనిఖీ ఉండేది. వర్తకుల సామాను మొత్తం విప్పి చూసి సుంకం వసూలు చేసేవాళ్లు. ఈజిప్టు నుంచి పోవాలంటే ఈజిప్టు అనుమతి పత్రం, సిరియా నుంచి రావాలంటే సిరియా అనుమతి పత్రం తప్పనిసరి. ఇరాక్ వైపు నుంచి మంగోలుల గూఢచారులు వస్తారనే భయమే దీనికి కారణం. ఆ దారి కాపలా బాధ్యత అరబ్ తెగలకు అప్పగించారు. వాళ్లు రాత్రి కాగానే ఇసుకను చదును చేసేవాళ్లు. పొద్దున్నే అధికారి వచ్చి చూసేవాడు. అడుగుజాడ కనబడితే ఆ మనిషిని వెతికి తెచ్చే బాధ్యత కూడా ఆ తెగలదే. పట్టుబడినవాడికి శిక్ష తప్పేది కాదు.

ఈజిప్టూ సిరియా రెండూ ముస్లిం రాజ్యాలే, రెండింటికీ ఒకే సుల్తాన్. అయినా కాగితం లేనిదే కదలనివ్వలేదు. దీన్ ఒకటే అయినంత మాత్రాన సరిహద్దు తెరుచుకోదని ఆ కుర్రవాడికి అక్కడే అర్థమై ఉండాలి.

హిందుస్తాన్‌లో ఉండిపోతానని రాతపూర్వక హామీ

హజ్ చేసి, మక్కాలో కొంతకాలం గడిపి, యెమన్, తూర్పు ఆఫ్రికా, తుర్కీ ప్రాంతాలు, మధ్య ఆసియా తిరిగి 1333 సెప్టెంబరులో ఇబ్న్ బతూతా సింధు నది దగ్గరికి చేరారు. అప్పుడు ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్. నది దాటగానే ప్రభుత్వ వేగులు ఆయన వివరాలు రాసుకున్నారు. రూపం ఎలా ఉంది, ఏ బట్టలు వేసుకున్నాడు, వెంట ఎంతమంది మనుషులు, ఎన్ని పశువులు, నడత ఎలాంటిది... అన్నీ కాగితం మీదికి ఎక్కాయి. సింధు నుంచి ఢిల్లీకి మామూలు ప్రయాణం 50 రోజులు. ఆ కాగితం మాత్రం తపాలా మనుషుల చేతులు మారుతూ 5 రోజుల్లో సుల్తాన్ ముందుకు చేరేది.

ముల్తాన్‌లో ప్రయాణికులందరూ ఆగాలి. ఎవరిని పంపాలో, ఎవరికి ఎంత మర్యాద చేయాలో ఢిల్లీ నుంచి ఆదేశం రావాలి. ఇంకో షరతు కూడా ఉంది. హిందుస్తాన్‌లో స్థిరంగా ఉండటానికి వచ్చినవాళ్లకే ప్రవేశం. ఎందుకు వచ్చావని అడిగితే, సుల్తాన్ కొలువులో ఉండిపోవడానికే వచ్చానని ఇబ్న్ బతూతా జవాబిచ్చారు. ఖాజీనీ సాక్షులనూ పిలిపించి ఆ మాటను పత్రం మీద రాయించుకున్నారు. ఆయనతో వచ్చినవాళ్లలో కొందరు సంతకానికి ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకున్నారు. ఆ పత్రం బరువు ఎంతో తర్వాత తెలిసింది.

సుల్తాన్‌కు విదేశీయులంటే ప్రీతి. వాళ్లను పరదేశీలని పిలవకూడదని, అజీజ్‌లు అనాలని ఆజ్ఞ ఇచ్చాడు. పెద్ద పదవులు చాలావరకు వాళ్లకే. ఇబ్న్ బతూతాకు ఏడాదికి 12,000 దీనార్ల జీతంతో ఢిల్లీ ఖాజీ పదవి వచ్చింది. ఇక్కడివాళ్లు హనఫీలు, తాను మాలికీ, పైగా భాష రాదని ఆయన చెప్పుకున్నారు. సుల్తాన్ ఇద్దరు సహాయకులను ఇచ్చి ఆ అభ్యంతరం తీసేశాడు.

సుల్తాన్‌ను కలవాలంటే నజరానా తేవాలి, దానికి ఎన్నో రెట్ల బహుమతి తిరిగి వస్తుంది. ఈ ఆచారం తెలిసిన సింధ్ వర్తకులు కొత్తగా వచ్చినవాళ్లకు అప్పులిచ్చి లాభపడేవాళ్లు. ఇబ్న్ బతూతా కూడా అప్పు చేశారు. హోదాకు తగ్గ ఖర్చులతో అది 55,000 దీనార్లకు చేరింది. బాకీ తీర్చమని వర్తకులు పట్టుబట్టారు. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. అప్పిచ్చినవాడు దర్బారు గుమ్మంలో బాకీదారుణ్ని ఆపి, సుల్తాన్ మీద ఆన పెడితే, బాకీ తీర్చేదాకా వాడు లోపలికి అడుగు వేయకూడదు. తెలుగు ఊళ్లలో వెనకటి తరం వాళ్లు దురాయి పెట్టడం అనే పద్ధతికి ఇది చాలా దగ్గర. ఇబ్న్ బతూతా ఆ వర్తకులతో ముందే మాట్లాడుకుని, తనను గుమ్మంలో అలాగే ఆపమన్నారు. విషయం సుల్తాన్ చెవిన పడింది. చివరికి ఖజానా నుంచే బాకీ తీరింది. స్థానిక కట్టుబాటును తెలుసుకుని, దాన్నే తనకు అనుకూలంగా వాడుకున్నారన్నమాట.

ఈ కాలంలోనే సుల్తాన్ మాబర్ తిరుగుబాటును అణచడానికి సైన్యంతో దక్షిణానికి బయల్దేరాడు. తిలంగ్, అంటే నేటి తెలంగాణ ప్రాంతానికి వచ్చేసరికి సైన్యంలో అంటువ్యాధి ప్రబలి వెనక్కి మళ్లాల్సి వచ్చింది. అప్పుడు ఇబ్న్ బతూతా ఢిల్లీలోనే సుల్తాన్ కుతుబుద్దీన్ సమాధి నిర్వహణ చూస్తూ ఉండిపోయారు.

ఒక్క ములాఖాత్, ఐదు రోజుల ఉపవాసం

తుగ్లక్ న్యాయానికి రెండు ముఖాలున్నాయి. ఒక హిందూ ప్రముఖుడు తన అన్నదమ్ముణ్ని సుల్తాన్ అన్యాయంగా చంపించాడని ఫిర్యాదు చేస్తే, ఆయుధం లేకుండా కాలినడకన ఖాజీ ముందుకొచ్చి, తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పుకు తలవంచాడు. అదే సుల్తాన్ జమాత్ నమాజ్‌కు రాలేదన్న నేరానికి ఒకే రోజు తొమ్మిదిమందికి మరణశిక్ష వేయించాడు. ఎప్పుడు ఏ ముఖం కనబడుతుందో ఎవరికీ తెలిసేది కాదు.

షేక్ షిహాబుద్దీన్ అనే సూఫీ పెద్దాయన సుల్తాన్ కొలువును కాదని ఢిల్లీ బయట నేల కింద గుహ తవ్వించుకుని ఉండేవాడు. జాలిమ్ కింద పనిచేయనని తేల్చి చెప్పినందుకు సుల్తాన్ ఆయనను చంపించాడు. ఆ గుహ చూడాలని ఇబ్న్ బతూతా ఒకరోజు ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నారు. షేక్‌ను ఎవరెవరు కలిసేవాళ్లని ఆరా తీస్తే ఇబ్న్ బతూతా పేరు కూడా బయటికొచ్చింది. దర్బారు హాలులో నలుగురు బానిసలను ఆయన చుట్టూ కాపలా పెట్టారు. అలాంటి కాపలా పడ్డవాళ్లు ప్రాణాలతో బయటపడటం అరుదు.

అది జుమా రోజు. అల్లాహ్‌యే తనకు చాలునన్న ఆయత్‌ను ఆయన 33,000 సార్లు చదివారు. ఐదు రోజులు వరుసగా ఉపవాసం ఉన్నారు, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రోజూ ఖురాన్ మొత్తం చదివారు. చివరికి కాపలా ఎత్తేశారు. ఆ భయం మాత్రం పోలేదు. ఆస్తంతా పంచేసి, ఫకీరు బట్టలు కట్టుకుని, ఒక సూఫీ గురువు సేవలో నెలల తరబడి గడిపారు.

తర్వాత సుల్తాన్ మళ్లీ పిలిపించి చైనాకు రాయబారిగా పంపుతానన్నాడు. ఉండిపోతానని పత్రం రాసిచ్చిన దేశం నుంచి గౌరవంగా బయటపడే దారి దొరికింది. 1342 జులైలో బయల్దేరారు. కాలికట్ తీరంలో తుఫాను వచ్చి, చైనా చక్రవర్తికి తీసుకెళ్తున్న కానుకలు ఓడతో పాటు మునిగిపోయాయి. ఆ రోజు జుమా నమాజ్ కోసం ఒడ్డున ఉండిపోవడంతో ఆయన బతికారు. కానుకలు పోగొట్టుకుని ఢిల్లీకి తిరిగి వెళ్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అందుకే ఇక వెళ్లలేదు.

మాల్దీవుల్లో కఠిన ఖాజీ

అక్కడి నుంచి మాల్దీవులకు చేరారు. అప్పుడు ఆ దీవులను సుల్తానా ఖదీజా పాలిస్తోంది. అధికారమంతా ఆమె భర్త, వజీర్ జమాలుద్దీన్ చేతిలో ఉండేది. అక్కడా అనుమతి లేకుండా రాజధాని మాలెకు వెళ్లకూడదు, అనుమతి లేకుండా దేశం వదలకూడదు. ఢిల్లీ ఖాజీనని తెలిస్తే ఆపేస్తారని ఇబ్న్ బతూతా తన సంగతి దాచాలనుకున్నారు. దాగలేదు. ఖాజీ పదవి కట్టబెట్టారు.

ఇక్కడ పాత్రలు తారుమారయ్యాయి. నిన్నటిదాకా పరాయి చట్టానికి భయపడ్డ మనిషి చేతికి కొరడా వచ్చింది. జుమా నమాజ్‌కు రానివాళ్లను కొట్టించి ఊరేగించారు. తలాక్ తీసుకున్న స్త్రీ మళ్లీ పెళ్లయ్యేదాకా పాత భర్త ఇంట్లోనే ఉండే అలవాటును ఆపించారు. దొంగ చెయ్యి నరికించమని తీర్పు చెబితే, సభలో ఉన్న స్థానికులు కొందరు స్పృహ తప్పి పడిపోయారు. ఆడవాళ్లు నడుము పైభాగం కప్పుకోకుండా తిరగడం మాన్పించాలని చూశారు. తన న్యాయస్థానానికి వచ్చే స్త్రీ నిండుగా కప్పుకుని రావాలని మాత్రం అమలు చేయగలిగారు. వీధుల్లో ఆయన మాట చెల్లలేదు. తరతరాల అలవాటును ఒక పరదేశీ ఖాజీ ఆజ్ఞ మార్చలేకపోయింది.

అక్కడి పెళ్లి పద్ధతి కూడా వేరు. పరదేశీ పెళ్లి చేసుకోవచ్చు. కానీ ఆ దేశపు స్త్రీ భర్త వెంట బయటికి రాదు, అతను వెళ్లేటప్పుడు తలాక్ ఇచ్చే వెళ్లాలి. ఇబ్న్ బతూతా అక్కడ పలుకుబడి ఉన్న కుటుంబాలతో వియ్యమందారు. అదే వజీర్‌కు అనుమానం తెచ్చింది. ఒక బానిస కేసులో వజీర్ చెప్పినా వినకుండా శిక్ష అమలు చేయడంతో తెగదెంపులయ్యాయి. ఖాజీ పదవి వదిలి, మహర్ బాకీలు, అప్పులు తీర్చి 1344లో బయటపడ్డారు. వజీర్ల అనుమానం పూర్తిగా ఉత్తదేమీ కాదు. తర్వాత మాబర్ వెళ్లినప్పుడు, మాల్దీవుల మీదికి సైన్యాన్ని పంపే ఆలోచన అక్కడి సుల్తాన్‌తో ఇబ్న్ బతూతా చేశారు. అది జరగలేదు.

చైనాలో గోడ మీద బొమ్మ

చైనాలో పద్ధతి ఇంకా పకడ్బందీ. ఓడ బయల్దేరేటప్పుడు అందులోని ప్రతి మనిషి పేరూ రాసుకునేవాళ్లు. తిరిగొచ్చాక సరిచూసేవాళ్లు. ఒక్కడు తగ్గినా ఓడ యజమాని జవాబు చెప్పాలి. సరుకులో ఏదైనా దాచినట్టు తేలితే ఓడే జప్తు. ముస్లిం వర్తకుడు వస్తే అక్కడ స్థిరపడిన ముస్లిం ఇంట్లోనో సత్రంలోనో దిగాలి. అతని డబ్బు ఆ ఇంటి యజమాని లెక్కగట్టి దాచాలి, పోతే తనే కట్టాలి. సత్రాల్లో రాత్రి పేర్లు రాసుకుని తలుపు వేసి, పొద్దున సరిచూసి, తర్వాతి మజిలీ దాకా మనిషిని తోడిచ్చి పంపేవాళ్లు.

ఒక నగరంలో బజారు గుండా వెళ్లి సాయంత్రం తిరిగి వస్తుంటే, ఇబ్న్ బతూతా, ఆయన తోటివాళ్ల బొమ్మలు గోడకు అంటించి కనిపించాయి. వాళ్లకు తెలియకుండానే చిత్రకారులు గీశారు. పరదేశీ నేరం చేసి పారిపోతే ఆ బొమ్మతో వెతికి పట్టుకోవడం అక్కడి రివాజు. చైనాలో ఆయన ఎంత లోపలికి వెళ్లారన్న దానిపై చరిత్రకారుల్లో కొందరికి అనుమానాలున్నాయి. విదేశీయుల మీద అక్కడి నిఘా గురించి ఆయన చెప్పింది మాత్రం ఈ రోజుకీ ఆశ్చర్యపరుస్తుంది.

చివరి మజిలీ

1349లో మొరాకో చేరేసరికి తల్లి కూడా లేరు. ఆ తర్వాత అందలూస్, 1352లో సహారా దాటి మాలీ రాజ్యం వెళ్లారు. మాలీ ఆచారాలు కొన్ని ఆయనకు నచ్చలేదు. కానీ ఒక్కటి మనసారా మెచ్చుకున్నారు. తమ దేశంలో పరదేశీ అరబ్బు చనిపోతే, ఎంత ఆస్తి ఉన్నా అక్కడివాళ్లు ముట్టుకోరు. అసలు వారసుడు వచ్చేదాకా నమ్మకస్తుడి దగ్గర అమానత్‌గా ఉంచుతారు.

మొరాకో సుల్తాన్ అబూ ఇనాన్ ఆదేశంతో ఆయన చెప్పిన అనుభవాలను ఇబ్న్ జుజయ్ అనే పండితుడు గ్రంథంగా రాశారు. 1355 డిసెంబరులో అది పూర్తయింది. రిహ్లా పేరుతో ప్రసిద్ధమైంది. శేష జీవితం స్వదేశంలో ఖాజీగా గడిపిన ఇబ్న్ బతూతా 1368-69 ప్రాంతంలో కన్నుమూశారు.

ఇల్లు వదిలి గల్ఫ్‌కు వెళ్లే యువకుడికి ఆయన జీవితం చెప్పేది సూటిగానే ఉంది. దీన్ వల్ల పరాయి ఊళ్లో సలాం చెప్పే మనిషి దొరుకుతాడు, మస్జిద్‌లో చోటు దొరుకుతుంది. అక్కడి చట్టం మాత్రం విడిగా తెలుసుకోవాల్సిందే. సంతకం పెట్టే కాగితంలో ఏముందో చదవాలి. ఎవరి గుమ్మం తొక్కుతున్నామో చూసుకోవాలి. అప్పు తెచ్చి హోదా చూపించకూడదు. ఢిల్లీలో ఈ జాగ్రత్తలు లేకనే అంత చదువుకున్న ఖాజీ ఐదు రోజులు మంచినీళ్లతో గడపాల్సి వచ్చింది. ఆతిథ్యమిచ్చే దేశాలకు కూడా ఒక మాట ఉంది. పరదేశీ మీద నిఘా పెట్టిన రాజ్యాలను ఆయన వివరంగా వర్ణించారు. చనిపోయిన పరదేశీ సొమ్మును వారసులకు భద్రంగా దాచిన మాలీని మాత్రం మనసారా మెచ్చుకున్నారు.