బ్రిస్టల్ మట్టిలో మన రామ్మోహన్ రాయ్

బ్రిస్టల్‌లో పని చేసే మనవాళ్లలో చాలామందికి ఆర్నోస్ వేల్ శ్మశానం అంటే బస్సులోంచి కనబడే పెద్ద గేటు, అంతే. మేమూ రెండేళ్లు దాని ముందు నుంచే సైటుకి పోయాం. లోపల ఎవరున్నారో తెలిశాక ఒక ఆదివారం నలుగురం కలిసి వెళ్లాం. గేటుకి దగ్గర్లోనే, చెట్ల మధ్య, స్తంభాలూ గుమ్మటమూ ఉన్న రాతి మండపం కనబడింది. చుట్టూ అన్నీ శిలువ గుర్తులు, ఇదొక్కటే మన దేశపు కట్టడం. రాజా రామ్మోహన్ రాయ్ సమాధి అది.

ఆయన 1772లో బెంగాల్‌లోని రాధానగర్‌లో పుట్టారు. సంస్కృతం, పారసీ, అరబ్బీ చదివి, తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఈస్టిండియా కంపెనీ రెవెన్యూ కొలువులో కొన్నేళ్లు చేసి కలకత్తాలో స్థిరపడ్డారు. విగ్రహారాధన వద్దన్నందుకు కన్నతల్లితో కూడా పడలేదు. భర్త చితి మీద భార్యని కాల్చడం ఏ ధర్మమని పుస్తకాలు రాసి, పండితులతో వాదించారు. 1828లో బ్రహ్మసమాజం పెట్టారు. 1829 డిసెంబరులో బెంటింక్ దొర సతీసహగమనాన్ని నిషేధించాడు. ఆ సమాజం భావాలే తర్వాత మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారికి బలమిచ్చాయి. 1881లో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు.

సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో, 1830 నవంబరులో ఆయన ఓడెక్కారు. ఢిల్లీ చక్రవర్తి రెండవ అక్బర్ ఆయనకి రాజా బిరుదిచ్చి, తన భత్యం సంగతి మాట్లాడి రమ్మన్నాడు. సతి నిషేధం మీద ఇక్కడికి వచ్చిన అప్పీలుని అడ్డుకోవడం ఇంకో పని. 1831 ఏప్రిల్‌లో లివర్‌పూల్‌లో దిగారు. మన రైతుల మీద శిస్తు బరువు ఎంతో పార్లమెంటు కమిటీకి రాసిచ్చారు. 1832లో సతి అప్పీలు కొట్టేశారు. పని గెలిచింది గానీ మనిషి చితికిపోయారు. కలకత్తాలో ఆయన డబ్బు చూసే కంపెనీ దివాలా తీసింది. ఇంటి నుంచి రావలసింది రాక అప్పులపాలయ్యారు. పరాయి దేశంలో డబ్బు ఆగిపోతే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1833 సెప్టెంబరులో స్నేహితులు పిలిస్తే బ్రిస్టల్ వచ్చారు. ఇక్కడే జ్వరం పట్టుకుంది. సెప్టెంబరు 27 తెల్లవారుజామున పోయారు. ఒంటి మీద జంధ్యం అలాగే ఉంది. అప్పటికి ఈ దేశంలో దహనం లేదు. మొదటి అధికారిక దహనం 1885లో గానీ జరగలేదు. క్రైస్తవుల శ్మశానంలో పెట్టొద్దని, పెడితే కొడుకుల ఆస్తి హక్కుకి చిక్కొస్తుందని ఆయన ముందే చెప్పి ఉంచారు. అందుకే తను దిగిన స్టేపుల్టన్ ఇంటి తోటలోనే, చెట్ల కింద, మంత్రాలూ ప్రార్థనలూ లేకుండా పూడ్చారు.

పదేళ్ల తర్వాత స్నేహితుడు ద్వారకానాథ్ టాగూర్, అంటే రవీంద్రుడి తాతగారు, పూనుకుని 1843లో ఆయన్ని ఆర్నోస్ వేల్‌కి మార్పించి ఈ మండపం కట్టించారు. ఆ ద్వారకానాథ్ కూడా 1846లో లండన్‌లోనే పోయారు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. రామ్మోహన్‌ని కుర్రతనంలో చూసి, తర్వాత ఆడపిల్లల చదువు కోసం నాలుగుసార్లు మన దేశం వెళ్లిన మేరీ కార్పెంటర్ సమాధి ఆర్నోస్ వేల్‌లోనే ఉంది.

రాతి పని చూసే అలవాటుతో మేం స్తంభాలు తడిమి చూశాం. బాగుచేయించారు, కీళ్లు గట్టిగా ఉన్నాయి. ఏటా సెప్టెంబరు 27కి దగ్గరి ఆదివారం ఇక్కడ ఆయన్ని తలుచుకుంటారు, ఎవరైనా వెళ్లొచ్చు.

తిరిగొస్తూ బస్సులో మాట్లాడుకున్నది ఒక్కటే. అంత పెద్దమనిషి, పోతే తన్ని ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఆయన మాట నిలబడింది. మనం మాత్రం ఆ మాటే ఎత్తం, అపశకునం అంటాం. అన్నదమ్ములారా, ఒక కాగితం మీద ఇంటివాళ్ల ఫోన్ నంబరు, పాస్‌పోర్టు నంబరు, మీ కోరిక రాసి గదిలో నమ్మకమైనవాడి చేతిలో పెట్టండి. మేం నలుగురం ఆ రాత్రే రాసుకున్నాం.