గుణాఢ్య మహాకవి

కన్నడిగులును మహారాష్ట్రులును నవలను కాదంబరి యందురు. 7వ శతాబ్దమున బాణభట్టు రచించిన గద్యకావ్యము పేరే ఆ జాతి గ్రంథముల కెల్ల పేరైనది. కాని ఆ కథ బాణుని స్వకల్పితము కాదు. దానికి మూలము గుణాఢ్యుని బృహత్కథ. గుణాఢ్యుని చరిత్రము శాసనములందు లేదు. కాశ్మీర పండితుడగు సోమదేవుడు 11వ శతాబ్దమున కథాసరిత్సాగరమున చెప్పినదే ఇచ్చట చెప్పబడుచున్నది.

గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానము, అనగా నేటి పైఠాను, శాతవాహనుల రాజధాని. ఆ నదియే దిగువకు వచ్చి మన కోటిలింగాల నొరసి పారును. అచ్చటను ఆ వంశపు నాణెములు దొరకినవి. పసితనముననే తల్లిని మేనమామలను కోల్పోయిన గుణాఢ్యుడు స్వశక్తిచే విద్య గడించి శాతవాహన రాజునకు మంత్రి యయ్యెను.

ఒకనాడు జలక్రీడలో రాణి, తనను నీటితో కొట్టవలదని సంస్కృతమున పలికెను. సంధి తెలియని రాజు ఆ మాటను మోదకములని తలచి ఉండ్రములు తెప్పించెను. రాణి నవ్వెను. రాజు సిగ్గుతో మంచమెక్కెను. వ్యాకరణము ఆరేండ్లలో నేర్పుదునని గుణాఢ్యుడనగా, ఆరు నెలలు చాలునని శర్వవర్మ పలికెను. అట్లు జరిగినచో సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడుతునని గుణాఢ్యుడు శపథము చేసెను. మాట తూలుట పామరులకే కాదు, పండితులకును కలదు! శర్వవర్మ కుమారస్వామిని గొలిచి, కాతంత్ర వ్యాకరణము పడసి, గెలిచెను. అతనిని నిందింప బనిలేదు. అన్నపానములు మాని సాధించిన విద్య అది.

మౌనియైన గుణాఢ్యుడు ఇరువురు శిష్యులతో వింధ్యాటవి కేగెను. మిగిలినది పిశాచముల భాష యొక్కటే. దానినే నేర్చి, కాణభూతి చెప్పిన దివ్యకథను ఏడేండ్లలో ఏడు లక్షల శ్లోకములుగ, అడవిలో సిరా లేమిచే తన నెత్తుటితో వ్రాసెను. శిష్యులు దానిని రాజునొద్దకు గొనిపోగా, పైశాచీభాష యనియు నెత్తుటి వ్రాత యనియు ఏవగించుకొని అతడు త్రోసిపుచ్చెను.

గుణాఢ్యుడు ఒక కొండపై అగ్నికుండము నేర్పరచి, ఒక్కొక్క పత్రము చదివి అగ్నికి వేయ మొదలిడెను. లేళ్లు, అడవిపందులు, దున్నలు మేత మరచి, కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినెను. ఇంతలో రాజునకు జబ్బు చేసెను. వైద్యులు ఎండిన మాంసము కారణమనిరి. వంటవారు వేటకాండ్ర ననిరి. వేటకాండ్రు కొండమీది సంగతి చెప్పిరి. రాజు పరుగున వచ్చునప్పటికి ఏడింట ఆరు పాళ్లు బూడిదయైనవి. శిష్యుల కెంతో ప్రియమగుటచే దాచియుంచిన నరవాహనదత్తుని కథ, లక్ష శ్లోకములు, మాత్రము దక్కెను. దానిని రాజున కిచ్చి గుణాఢ్యుడు యోగముచే తనువు చాలించెను.

ఆ లక్షయు నేడు లభింపదు. బుధస్వామి, క్షేమేంద్రుడు, సోమదేవుడు సంస్కృతమున మరల చెప్పినవి మిగిలినవి. చందమామ చదివిన పిల్లలెరిగిన బేతాళ కథలు సోమదేవుని గ్రంథమున నున్నవి. బాణుడు గ్రహించినది చిన్న కథ: రాజసభకు వచ్చిన చిలుక పూర్వజన్మ వృత్తాంతము చెప్పుట. ఆ చిలుకనే మరల పలికించి, అచ్ఛోద సరస్సు చెంత మహాశ్వేత వీణను వినిపించి, అతడు పాఠకుని కదలనీయడు. కథ తెలిసినవారికే ఇందు రుచి మెండు. ఏమగునో యను ఆత్రము లేక ప్రతి వర్ణన కడను నిలిచి చూడగలరు. బాణుడు దానిని ముగింపకయే మరణించెను. సగము కథతో మిగిలిన సజ్జనుల దుఃఖము చూడలేక అతని కుమారుడు భూషణభట్టు శేషము పూర్తిచేసెను.