దీనబంధు ఆండ్రూస్

దక్షిణ ఢిల్లీలో ఆండ్రూస్ గంజ్ అను పేట కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసములకు అది ప్రసిద్ధము. ఆ పేరు పూర్వపు వైస్రాయి యొకనిదో, సేనాని యొకనిదో యని తలచువారు నేటికిని కలరు. నిజమునకు అది ఏ యధికారమును ఎన్నడును చేపట్టని యొక క్రైస్తవ గురువు పేరు. ఆయనయే చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. ఫిజీ ద్వీపములలోని మన కూలీలు ఆయనకు దీనబంధువని పేరు పెట్టిరి. ఆ బిరుదము ఏ దర్బారులోను లభించునది కాదు.

క్రైస్తవ సంఘములలో చిరకాలముగా ఒక వివాదము సాగుచున్నది. గురువు చేయవలసిన పని ఆత్మలకు సంబంధించినదా, లేక అన్యాయమునకు లోనైనవారి పక్షమున నిలుచుట కూడ అందులో భాగమా? మొదటి మతమువారు చెప్పు మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. గురువు కూలిరేట్లను గూర్చియు, శాసనములను గూర్చియు వాదింప మొదలిడినచో, కాలక్రమమున ఏదో యొక పక్షమునకు సేవకుడగునని వారి భయము. రెండవ మతమువారు, ఆకలిగొన్నవానికి ఉపదేశము మాత్రమే చేసి పంపుట క్రీస్తు మార్గము కాదందురు. ఈ రెండింటి నడుమ ఆండ్రూస్ తన జీవితమునంతయు గడపెను.

ఆయన 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. తండ్రి కాథలిక్ అపోస్తలిక్ సంఘమను చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. కుటుంబము బర్మింగ్‌హామునకు తరలిపోయిన పిమ్మట, నమ్మిన మిత్రుడొకడు చేసిన ద్రోహమువలన తల్లి ఆస్తి యంతయు పోయెను. ఆనాటి కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ ద్రోహి క్షేమమునకై ప్రార్థించెను. బాలుడైన ఆండ్రూస్ ఆ ప్రార్థనను జన్మాంతము మరువలేదు. తరువాతి కాలమున ఎంతటి అన్యాయమును ఎదిరించినను, అన్యాయము చేసినవానిపై ద్వేషము వహింపకుండుట ఆయనకు ఇంటనే అబ్బిన గుణము.

1890లో ఆయన కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో చేరెను. అచ్చట తండ్రి శాఖను వీడి ఆంగ్లికన్ సంఘమున ప్రవేశించెను. డర్హము బిషప్పుగా నుండిన బ్రూక్ ఫాస్ వెస్ట్‌కాట్ బోధలు ఆయనను మిక్కిలి ఆకర్షించెను. ఆ పండితుడు 1889లో ఏర్పడిన క్రైస్తవ సామాజిక సమితికి అధ్యక్షుడు. వర్తక వ్యవహారములకును క్రైస్తవ ధర్మము వర్తింపవలెననుట ఆ సమితి ఆశయము. పెట్టుబడికిని శ్రమకును గల సంఘర్షణలో క్రైస్తవ మతమునకు గల సంబంధమును గూర్చి ఆండ్రూస్ రచించిన వ్యాసమునకు బహుమానము లభించెను. గ్రంథరచనతోనే ఆయన తృప్తి పడలేదు. సండర్లండు ఓడ కర్మాగారముల శ్రామికుల నడుమను, పిదప దక్షిణ లండనులోని వాల్వర్త్ పేదల వాడలోను నివసించి పరిచర్య చేసెను. 1897లో గురువుగా అభిషిక్తుడయ్యెను.

బిషప్పు కుమారుడైన బేసిల్ వెస్ట్‌కాట్ ఆయనకు ప్రాణమిత్రుడు. అతడు భారతదేశమున మిషను సేవలో నుండగా 1900లో విషూచివలన మరణించెను. ఆ మిత్రుని స్థానమును పూరింపవలెనను కోరికతో ఆండ్రూస్ 1904 మార్చిలో ఢిల్లీ చేరి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడయ్యెను. 1906లో ప్రిన్సిపాలు పదవి ఖాళీ కాగా, ఆంగ్లేయునికే అది చెందవలెనని కొందరు పెద్దలు భావించిరి. ఆండ్రూస్ అందులకు ఒప్పుకొనలేదు. తనకంటె అనుభవజ్ఞుడైన సుశీల్ కుమార్ రుద్ర యుండగా, తెల్లవాడను కారణమున మరియొకడు ఆ పీఠమెక్కుట క్రైస్తవ ధర్మము కాదని వాదించెను. రుద్ర ఆ కళాశాలకు ప్రథమ భారతీయ ప్రిన్సిపాలయ్యెను. ఆయన క్రింద ఆండ్రూస్ సంతోషముతో పనిచేసెను. న్యాయమును దూరదేశములలో వెదకుటకు ముందు తన సంఘపు ముంగిటనే ఆయన దానిని కోరెననుట గమనింపదగినది.

దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముని సత్యాగ్రహము తీవ్రమైనపుడు, గోఖలే కోరికపై ఆండ్రూస్ తన మిత్రుడు పియర్సన్‌తో కూడి 1914 జనవరిలో డర్బను రేవున దిగెను. అచ్చట ఆయన చేసిన మొదటి పని వంగి గాంధీగారి పాదములను స్పృశించుట. తెల్లవారి పత్రికలవారు దీనిని ఘోరాపచారముగా నెంచిరి. ఒప్పందపు కాలము ముగిసిన కూలీలపై విధింపబడిన 3 పౌనుల తలపన్ను నాటి ముఖ్య సమస్యలలో నొకటి. గాంధీగారికిని జనరల్ స్మట్సునకును నడుమ రాయబారము నెరపుటలో ఆయన తోడ్పడెను. ఆ దినములలోనే ఇంగ్లండులో తల్లి కన్నుమూసెను. కడసారి చూపు ఆయనకు దక్కలేదు. ఆ సంవత్సరమే వెలువడిన శాసనముచే ఆ పన్ను రద్దయ్యెను.

ఆ 1914వ సంవత్సరముననే ఆయన జీవితమున మరియొక పెద్ద మలుపు సంభవించెను. తమ విశ్వాసమును యథాతథముగా అంగీకరింపనివారు శాశ్వతముగా నశింతురని చెప్పు అథనేషియస్ విశ్వాస ప్రమాణమును నోటితో ఉచ్చరించుటకు ఆయన మనస్సు సమ్మతింపలేదు. రవీంద్రనాథ ఠాకూరు మొదలగు భారతీయ మిత్రుల జీవితములను కన్నులార చూచినవాడు ఆ మాట నెట్లు పలుకగలడు? మనస్సున లేనిదానిని వేదికపై పలుకుట అసత్యమని తలచి, గురువుగా పరిచర్య చేయుట మానుకొని శాంతినికేతనము చేరెను. సంఘములో పలువురు నొచ్చుకొనిరి. కాని ఆయన వీడినది గురువు పీఠమును మాత్రమే. క్రీస్తును వీడలేదు, ప్రార్థనను వీడలేదు.

ఆయన సేవలలో శిరోభూషణము వంటిది ఫిజీ ద్వీపముల కూలీల విమోచనము. 1879 మొదలు 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు 5 సంవత్సరముల ఒప్పందముపై ఆ ద్వీపముల చెరకు తోటలకు కొనిపోబడిరి. అగ్రిమెంటు అను మాటయే వారి నోట గిర్మిట్ అయ్యెను. 1903 నుండి చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు బయలుదేరెను. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలముల తెలుగువారు అనేకులు ఆ ఓడలపై వెడలిరి. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు పురుషులో, ఒక కుటుంబమో కాపురముండవలెను. నియమితమైన పని ముగింపనిచో జరిమానా, కారాగారము. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలను మాత్రమే పంపు నియమమువలన కుటుంబ జీవనము ఛిన్నాభిన్నమై హత్యలును ఆత్మహత్యలును పెచ్చుపెరిగెను.

ఈ దురవస్థను మెథడిస్టు మిషనరీయైన జె. డబ్ల్యు. బర్టన్ 1910లోనే గ్రంథస్థము చేసి యుండెను. కావున సంఘము పూర్తిగా మౌనము వహించెననుట సరి కాదు, పలికినవారు కొందరే. 1915లో ఆండ్రూస్, పియర్సన్‌లు స్వయముగా ఫిజీ కేగి, కూలీల లైనులు తిరిగి, తోటల యజమానులతోను, అధికారులతోను, కూలీలతోను మాటలాడి నివేదిక సిద్ధపరచిరి. కార్యాలయములలో కాగితములతో కాలము గడుపు మనబోటివారు ఆ నివేదికనుండి నేర్వదగినది కలదు. అందు ఆవేశముకంటె లెక్కలకును, చూచిన సంగతులకును ప్రాధాన్యము. 1916 మార్చిలో మాలవీయ పండితుడు ఇంపీరియల్ శాసనమండలిలో ప్రవేశపెట్టిన తీర్మానమునకు హార్డింజి ప్రభువు సూత్రప్రాయముగ సమ్మతించెను. ఐనను అమలులో జాప్యము పొడసూపగా దేశమంతట ఆందోళనము చెలరేగి, 1917లో కూలీల ఎగుమతి నిలిచిపోయెను. ఆండ్రూస్ ఆ సంవత్సరమే రెండవమారు ఫిజీ వెళ్లెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన గిర్మిట్ ఒప్పందములన్నియు రద్దయ్యెను.

1919లో పంజాబు దురంతముల పిదప ఆయన గ్రామములు తిరిగి, కొరడా దెబ్బలు తిన్నవారిని తన జాతి పక్షమున క్షమాపణ వేడెను. 1921 మే నెలలో చాలీచాలని కూలికి విసిగి అస్సాము తేయాకు తోటలను వీడి వచ్చిన శ్రామికులను చాంద్‌పూరు స్టేషనులో గూర్ఖా సైనికులు రాత్రివేళ తరిమికొట్టిరి. పిమ్మట విషూచి వ్యాపించెను. ఆండ్రూస్ వారి నడుమ నుండి రోగులకు ఉపచారములు చేసెను. ఏ వ్యాధి తన మిత్రుని బలిగొనెనో ఆ వ్యాధికే ఆయన ఎదురేగెను.

గురువు పక్షమునకు సేవకుడగునను భయమును ముందు పేర్కొంటిమి. ఆండ్రూస్ చరిత్రలో దానికి సమాధానము కలదు. గాంధీగారికి ఆయనకంటె ఆప్తుడైన ఆంగ్లేయుడు అరుదు. ఐనను 1918లో గాంధీగారు యుద్ధమునకు సైనికులను చేర్చ బూనినపుడు, అహింసావ్రతునకది తగదని ఆండ్రూస్ నిర్మొగమాటముగా తెలిపెను. 1921లో విదేశ వస్త్రదహనమును కూడ ఆయన ఆమోదింపలేదు. ఎదుటి పక్షమునకు సత్యము చెప్పుట సులభము; సొంత పక్షమునకు, అందును ప్రాణమిత్రునకు చెప్పుట దుష్కరము. ఆ దుష్కర కార్యము చేయగలిగినవాడు ఏ పక్షమునకును దాసుడు కాడు.

తుది దశలో ఆయన మరల ఆంగ్లికన్ సంఘపు పరిచర్యను చేపట్టెను. న్యాయమునకై తిరిగిన ఆ సంచారి దైవపీఠమునకు పరాయివాడు కాలేదు. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలో ఆయన దివంగతుడయ్యెను. బేసిల్ సోదరుడును, కలకత్తా బిషప్పును అగు ఫాస్ వెస్ట్‌కాట్ అంత్యకాలమున ఆయనకు ఆప్తుడై నిలిచెను. ఆయన భౌతికకాయము ఆ నగరమందలి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో నిక్షిప్తమైనది. 1971లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన స్మారకముగా తపాలాబిళ్ల వెలువరించెను.

సంఘములలోని ఆ వివాదము నేటికిని సమసిపోలేదు. ఒక్క మనుజుని జీవితముచే సమసిపోవునదియు కాదు. ఆరాధన నుండి వెడలి ఆర్తుని వాకిట నిలిచినవాడు, ఆర్తుని కథను అతిశయోక్తి లేక అధికారి యెదుట నిలిపినవాడు, తన మిత్రుని తప్పును కూడ దాపరికము లేక చెప్పినవాడు ఉభయ పక్షములవారికిని పూజ్యుడగునని మాత్రము ఆండ్రూస్ జీవితము నిరూపించుచున్నది. ఆండ్రూస్ గంజ్ వీథులలో ఆడుకొను మన బాలబాలికలకు ఆ పేరు ఎవరిదో చెప్పుట పెద్దలమైన మన విధి.