బురదనేలలో మంచి బిడ్డలు

మండవల్లి దాటి కొల్లేటివైపు నడిచినవారికి నీరు నిలిచిన నేల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. దోమలు, జ్వరాలు, అడుగు వేస్తే దిగబడే బురద. ఇటలీలో కోమో సరస్సు ఎగువన అటువంటి నేలే ఉండేది. 1900లో ఒక గురువు దానిని సాగులోకి తేవాలని పూనుకున్నారు. ఆయన వెంట తీసుకెళ్ళింది కండబలం గల కూలీలను మాత్రమే కాదు. బుద్ధి ఎదగలేదని లోకం మూలన కూర్చోబెట్టిన వారిని కూడా.

ఆయనే పునీత లూయీజీ గ్వనెల్లా. 1842 డిసెంబరు 19న ఆల్ప్స్ కొండల్లోని ఫ్రాచీషియో పల్లెలో, పదముగ్గురు పిల్లల రైతుకుటుంబంలో పుట్టారు. 1866లో గురువయ్యారు. 1875 నుండి మూడేళ్ళు తూరిను నగరంలో పునీత డాన్ బోస్కో వద్ద పనిచేశారు. ఆ నగరంలోనే పునీత కొత్తొలెంగో స్థాపించిన గృహం ఉంది. అక్కడ మందబుద్ధులను మంచి బిడ్డలు అని పిలిచేవారు. గ్వనెల్లా ఆ పేరునే తన ఇళ్ళకు తెచ్చుకున్నారు. తిరిగి వచ్చాక ప్రభుత్వాధికారులు ఆయనను అనుమానించారు. కొంతకాలం మారుమూల కొండపల్లెకు పంపివేయబడ్డారు కూడా. 1886లో కోమోలో ఆయన గృహం వెలిసింది.

బిడ్డలను దాచి ఉంచే చోటు కాదది. కుటుంబంలా కలిసి తినాలి, కలిసి ప్రార్థించాలి, చేతనైన పని చేయాలి. బురదనేలలో వారు కాలువలు తీశారు, పొలం చేశారు.

మన ఇళ్ళలో ఏం చేస్తున్నాం? పాపం, తెలియనివాడు అంటూ మంచం మీదనే కూర్చోబెట్టి, అడిగినప్పుడల్లా జంతికలు, మిఠాయిలు పెడతాం. ఒళ్ళు బరువెక్కుతుంది, చక్కెర వ్యాధి వస్తుంది. నొప్పి ఎక్కడో చెప్పుకోలేరు గనుక పన్ను పుచ్చినా మనకు తెలియదు. డౌన్ సిండ్రోమ్ గలవారిలో గుండె, థైరాయిడ్ జబ్బులు ఎక్కువ; ఏటా పరీక్ష చేయించే ఇళ్ళెన్ని? జాలి మంచిదే. అందులో కొంత మన సౌకర్యం కూడా ఉందేమోనని నా అనుమానం. మా తరువాత వీడినెవరు చూస్తారని తల్లులు నన్ను అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు మనవద్ద చాలినన్ని ఇళ్ళు లేవు. గ్వనెల్లా సభవారు తమిళనాడులో అటువంటి గృహాలు నడుపుతున్నారు.

1915 జనవరిలో అవెజ్జానో భూకంప బాధితులకు సాయపడిన ఆయన, అదే ఏడు అక్టోబరు 24న కోమోలో కన్నుమూశారు. 2011 అక్టోబరు 23న పదహారవ బెనెడిక్ట్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆనాటి బురదనేల మీద నేడు నువోవా ఒలోనియో అనే ఊరుంది.