గాలిని వదిలేసిన మదనపల్లె కుర్రాడు

ఒంగోల్లో మే నెలలో కరెంటు పోతే, కొత్తపట్నం సముద్రం వైపు నుంచి గాలి ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేం ఉండదు. అలాంటి ఒక సాయంత్రం మేడ మీద కూర్చుని, చైనా తావో తత్వవేత్త చువాంగ్ త్జు చెప్పిన ఒక చిన్న కథ ఫోన్‌లో చదివాను. లియె త్జు అనే ఆయన గాలినెక్కి పదిహేను రోజులు హాయిగా తిరిగి వచ్చేవాడట. నడిచే శ్రమ తప్పింది. కానీ గాలి ఆగిపోతే? ఇంకా ఒకదాని మీద ఆధారపడే ఉన్నాడు కదా అన్నది చువాంగ్ త్జు పాయింటు. మన సీఎస్ఈ వాళ్ల భాషలో, డిపెండెన్సీ ఇంకా పోలేదు.

అది చదివాక నాకు జిడ్డు కృష్ణమూర్తి గుర్తొచ్చారు. ఆయన జీవితంలో కూడా అలాంటి గాలి ఒకటి ఉంది.

1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు కుటుంబంలో ఎనిమిదో సంతానంగా పుట్టాడు. ఎనిమిదోవాడు కాబట్టే కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. 1905లో తల్లి సంజీవమ్మ చనిపోయింది. 1909లో తండ్రి పిల్లల్ని తీసుకుని మద్రాసులోని అడయారుకి, సమాజం ప్రధాన కేంద్రానికి వచ్చేశాడు. కృష్ణ అప్పుడు బక్కపల్చని పిల్లాడు. బళ్లో మొద్దు అనిపించుకుని రోజూ దెబ్బలు తినేవాడు.

ఆ ఏడాదే అడయారు బీచ్‌లో ఆ పిల్లాడిని సమాజం పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ చూశాడు. లోకానికి రాబోయే జగద్గురువు ఇతనిలోనే వస్తాడని తేల్చేశాడు. అనీ బిసెంట్ కృష్ణనీ, తమ్ముడు నిత్యనీ తన సంరక్షణలోకి తీసుకుంది. 1911లో కృష్ణ అధిపతిగా ఒక సంఘం పెట్టారు, దాని పేరు ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్. పదహారేళ్ల కుర్రాడికి దేశదేశాల్లో భక్తులు! పిల్లల్ని తిరిగి ఇప్పించమని తండ్రి 1912లో కోర్టుకెళ్లాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు, 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్లో ఓడిపోయాడు. పిల్లలు ఇంగ్లండ్‌లోనే పెరిగారు.

అక్కడ కృష్ణ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలు మళ్లీ మళ్లీ రాశాడు, మళ్లీ మళ్లీ తప్పాడు. ఇది చదివి కొంచెం ధైర్యం తెచ్చుకున్నానని ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో విషయం మాత్రం గుచ్చుకుంది. ఆయన క్రమంగా తెలుగు మర్చిపోయారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఈ వ్యాసం రాయడానికి ఒత్తుల దగ్గర ఆగి ఆగి వస్తున్న నాకు అది దూరపు కథలా అనిపించలేదు. గాలి మోసుకెళ్తే ఎంత ఎత్తుకైనా వెళ్లొచ్చు. కాకపోతే వెనక ఏం వదిలేశామో పైనుంచి కనిపించదు.

1925లో గాలి మొదటిసారి మోసం చేసింది. నిత్యకి క్షయ. తమ్ముడి ప్రాణాన్ని అదృశ్య గురువులు కాపాడతారని కృష్ణ గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంతోనే తమ్ముణ్ణి కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో వదిలి ఇండియాకి ఓడెక్కారు. నవంబర్‌లో నిత్య పోయాడన్న టెలిగ్రాం ఓడలోనే అందింది. ఆయన కుప్పకూలిపోయారు. తర్వాత లేచిన మనిషి పాత మనిషి కాదు. అప్పటిదాకా ఎవరో చెప్పింది నమ్మారు, ఇక తానే చూడడం మొదలుపెట్టారు.

1929 ఆగస్టు 3. హాలండ్‌లోని ఓమెన్‌లో సంఘం శిబిరం. ఎదురుగా దాదాపు మూడు వేల మంది సభ్యులు, వాళ్లలో తల్లిలా పెంచిన అనీ బిసెంట్. 34 ఏళ్ల కృష్ణమూర్తి లేచి, సంఘాన్ని రద్దు చేస్తున్నానన్నారు. సత్యాన్ని ఏ సంఘమూ చేర్చలేదనీ, తనకి శిష్యులు అక్కర్లేదనీ చెప్పేశారు. సంఘానికి కానుకగా వచ్చిన కోట, ఎస్టేటు ఇచ్చినవాళ్లకే వెనక్కి వెళ్లాయి.

నేను ఇక్కడే ఆగిపోయా. ఓడిపోయినప్పుడు వదిలేయడం వేరు, మనమూ చేస్తాం. పరీక్ష పోయాక మార్కులు ముఖ్యం కాదంటాం. ఆయన మాత్రం గాలి బాగా వీస్తున్నప్పుడే దిగిపోయారు. కిందపడితే పట్టుకోవడానికి డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, సొంత ఇల్లు లేదు.

మరి ఆ తర్వాత ఎవరి మీదా ఆధారపడలేదా? పడ్డారు. స్నేహితుల ఇళ్లలో ఉన్నారు, వాళ్ల సాయంతో తిరిగారు. 1968లో ఇంగ్లండ్‌లో ఆయన పేరు మీదే ఒక ఫౌండేషన్ వచ్చింది. సంఘాలు వద్దన్నాయనకి ఫౌండేషన్ ఏంటని నాకూ అనుమానం వచ్చింది. ఆలోచిస్తే నాకు తోచింది ఇది: లియె త్జుకైనా అన్నం ఎవరో వండే ఉంటారు. తిండికీ గూడుకీ ఒకరి చెయ్యి కావాలి, అందులో తప్పులేదు. మనం ఎవరమో చెప్పడానికి కూడా ఇంకొకరు కావాల్సి వస్తేనే బానిసత్వం. ఆయన వదిలించుకున్నది ఈ రెండోదాన్ని. అది పూర్తిగా వదిలిందో లేదో ఆయనకే తెలియాలి.

దాదాపు అరవై ఏళ్లు దేశాలు తిరిగి మాట్లాడారు. ఆయన ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ స్కూలు పుట్టిన ఊరు మదనపల్లె దగ్గరే ఉంది. 1986 జనవరిలో మద్రాసులో చివరిసారి మాట్లాడి, అదే అడయారు బీచ్‌లో చివరిసారి నడిచి, ఓహాయ్ వెళ్లిపోయారు. ఫిబ్రవరి 17న అక్కడే పోయారు. తొంభై ఏళ్లు.

ఆయన పుస్తకంలోని ఒక లైను కొన్నాళ్లుగా నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటున్నా. ఎవరు చూశారో లెక్కపెట్టుకోవడం కూడా అలవాటైంది. శిష్యులు వద్దన్న మనిషికి నేనొక శిష్యుణ్ణి తయారయ్యానని ఆ రాత్రి కరెంటు వచ్చాక అర్థమైంది. స్టేటస్ తీసేశా. ఎవరూ గమనించలేదు. కాసేపు వెలితిగానే అనిపించింది, ఆ తర్వాత హాయిగా నిద్ర పట్టింది.